బీరువాల మీద పిల్లలు

పాత బీరువాలు అమ్మేవాడికి ఒక సూత్రం ఉంది: పగులు గోడవైపు, మెరుపు వాకిలివైపు. మా షాపుకు బీరువా కొనడానికొచ్చిన ఆమె ఆ సూత్రాన్ని ఒక్క నిమిషంలో తిరగేసింది.

"ఇదేంటండీ, మీ బీరువా మొహం చాటేస్తోంది?" అంటూ దాన్ని ముందుకు లాగి, పగులు మీద గోరు పెట్టింది.

"పాతది కదండీ, ముడతలుంటాయి."

"ముడతకీ పగులుకీ తేడా నాకు తెలుసు. నా ఉద్యోగమే అది."

బేరంలో కొనేవాళ్ల కళ్లలోకి చూడాలి. చూశాను. అడగకుండానే ధర తగ్గించాను. నా పని అయిపోయిందని అప్పుడే తెలియాల్సింది.

"చూసి నడువమ్మా," అన్నాడు కుర్చీలోంచి నాన్న. "నీ కాలి దగ్గర చిన్నది కూర్చుంది."

ఆమె కిందికి చూసింది. గచ్చు తప్ప ఏమీ లేదు.

"పిల్లి సంగతి అంటున్నాడు," అన్నాను.

"ఎక్కడుంది పిల్లి?"

నేను మాట మార్చాను. ఆమె కొనకుండా వెళ్లిపోయింది.

మూడు నెలలుగా నాన్నకు పిల్లలు కనిపిస్తున్నారు. బీరువాల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారట. మాట్లాడరట. షాపు మూస్తుంటే "లెక్కపెట్టరా, ఒకడు లోపలే ఉండిపోయాడేమో" అంటాడు. నేను తాళం వేసి, వెనక్కి చూడకుండా నడిచేవాణ్ణి. సంగతి పొక్కితే దెయ్యాల బీరువాలు ఎవరు కొంటారు? అందుకే డాక్టరుకు మతిమరుపు అని మాత్రమే చెప్పాను. ఆ పిల్లల్ని పోగొట్టడానికి తెలిసిన మందుల షాపతను ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేశాను.

డాక్టరు మెదడు స్కాన్ రాశాడు. స్కాన్ గదిలో గాజు వెనక కూర్చున్నది ఆమే.

"ఓహో, పిల్లి ఓనర్‌గారు!"

నాన్న మిషన్ సొరంగంలోకి వెళ్లాడు. ఎవరో లోపలి నుంచి తలుపు బాదుతున్నట్టు చప్పుడు. అది ఆగినప్పుడు ఆమె మైకులో అంది: "కదలకండి బాబాయ్‌గారూ."

"నేను కదలట్లేదమ్మా. వీళ్లే. నాతోపాటు ఎక్కేశారు."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది.

స్కాన్ బొమ్మలు ఏఐకి వెళ్లాయి. వేల మెదళ్లు చూసి నేర్చుకున్న కంప్యూటర్ అది. నాన్న మెదడుకు రంగులు పూసి, జ్ఞాపకాల చోటు కుంచించుకుపోలేదనీ, మతిమరుపు జబ్బుకు అవకాశం తక్కువనీ తేల్చింది.

"హమ్మయ్య! మిషనే చెప్పింది."

"మిషన్‌కి మనం చూపించిందే కనిపిస్తుంది. మీరు గోడవైపు తిప్పేసింది కనిపించదు." గొంతు తగ్గించింది. "ఆ రోజు పిల్లి లేదు కదూ?"

గాజు అవతల నాన్న ఖాళీ గాలిలో ఎవరి తలనో నిమురుతున్నాడు.

బేరంలో మౌనం లాభం. ఇక్కడ నా మౌనానికి నష్టపోయేది నాన్న. మాత్రలతో సహా అంతా చెప్పేశాను.

"అవి వేశాక ఎలా ఉన్నారు?"

"బిగుసుకుపోయాడు. చెంచా కూడా ఎత్తలేకపోయాడు."

ఆమె లేచి నిలబడింది. "లేనివి కనిపించే జబ్బు వేరే ఉంది. అందులో కొన్ని మాత్రలు ప్రాణం మీదికి తెస్తాయి. తేల్చాల్సింది డాక్టరుగారే. పదండి, నేనూ వస్తా."

డాక్టరు ఆ మాత్రలు మళ్లీ వేయొద్దని చెప్పి, ఇంకో రకం స్కాన్ తీయించాడు. ఆమె అనుమానమే నిజమైంది. మందు మారింది.

తర్వాత ఆమె వారం వారం షాపుకు వచ్చేది, బాబాయ్‌గారిని చూడ్డానికట. వానలు మొదలయ్యేసరికి పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒక్క ఆడపిల్ల మాత్రం మిగిలింది.

ఒక సాయంత్రం బయట జోరున వాన. ఆమె సోఫాలో కూర్చుని ఉంది. నేను ధైర్యం కూడగట్టుకున్నాను.

"లోపాలు ముందే చెప్తున్నా. నాన్నకు ఇది పూర్తిగా తగ్గేది కాదు. నాన్నతోపాటు ఆ పిల్లా ఉంటుంది. ఇవన్నీ పోను మిగిలేది నేను. పెళ్లి చేసుకుంటారా?"

"ఇదేం బేరమండీ! అమ్మేవాడే కొనేవాళ్లని తరిమేస్తున్నాడు."

అని, నాన్నవైపు తిరిగింది.

"ఆ పిల్ల ఎక్కడుంది మామయ్యా?"

బాబాయ్‌గారు మామయ్య అయ్యాడని నాకు బోధపడేలోపే నాన్న చెప్పాడు: "నీ పక్కనే నిలబడిందమ్మా. కూర్చోవాలని చూస్తోంది."

ఆమె పక్కకు చూడలేదు. సోఫా మీదున్న తడి గొడుగు తీసి కింద పెట్టి, కొంచెం జరిగింది.