బోడికొండ కింద నీలం చుక్క

నెవాడా, 1957.

"రాకెట్ సైంటిస్ట్ ఫెల్ప్స్‌ని వార్గా ముఠా ఎత్తుకుపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి సోడా మైదానంలో శత్రువుల విమానం దిగుతుంది. ఆయన అది ఎక్కాడంటే మళ్లీ మనకి దొరకడు," అన్నాడు చీఫ్ క్రేన్. ఫ్యాను కింద కూర్చుని ఎడారి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లలో ఆయన ఆరితేరిన మనిషి.

ముఠాలో ఉన్న మన మనిషి ఇలోనా. రెండు పడవల మీద కాళ్లు పెట్టినా హైహీల్స్ విప్పదు. లిప్‌స్టిక్ ట్రాన్స్‌మిటర్‌లో ఆమె చెప్పింది: "రహస్యమని కొత్త మ్యాపుల్లో మిలిటరీ ఆ చోటుని ఖాళీగా వదిలేసింది. అందుకని వీళ్లు 1909 నాటి సర్వే మ్యాపు పట్టుకొచ్చారు. జునిపర్ ఊట దగ్గర రేడియేటర్ నింపుకుంటారట."

ఏజెంట్ రస్ హాబర్ దారి కోసం అక్కడి పశువుల రాంచ్ యజమానురాలు ఓపల్ ఎచెవెరీ దగ్గరికెళ్లాడు. దూడలకి ముద్రలేస్తున్న ఆ ముసలమ్మ అతను చూపిన అదే పాత మ్యాపు కాపీ చూసి పడీపడీ నవ్వింది.

"ఏం ఊటయ్యా? అక్కడ చుక్క నీళ్లుండవు! సర్వే దొర అడిగితే మా తాత ఆ బోడికొండ చూపించాడు. నీళ్ల చోటు గవర్నమెంటోడికి చెప్పే వెధవ ఈ లోయలో పుట్టలేదు."

"మ్యాపులో నీలం చుక్క పెట్టారే!"

"పెడితే? నా ఆవులొచ్చి ఆ చుక్క నాకుతాయా?"

ఆమె రస్‌ని దక్షిణపు లోయలో అసలు ఊట దగ్గరికి తీసుకెళ్లి, బురదలో దిగి డబ్బా నింపుకోమంది.

పన్నెండుకి పది నిమిషాలు. బోడికొండ కింద నీళ్లు దొరక్క ముఠా జీపు పొగలు కక్కుతోంది. మైదానం ఇంకా ఆరు మైళ్లు. కౌబాయ్ వేషంలో ఉన్న ముఠా నాయకుడు వార్గా, కొత్త టోపీకి ధర చీటీ కూడా పీకలేదు. ఆవుని సినిమాలోనే చూసిన మొహం. నీళ్ల డబ్బాతో ఎదురొచ్చిన రస్‌ని చూసి ఫెల్ప్స్ కణతకి పిస్తోలు ఆనించాడు.

"నీళ్లియ్యి! లేదంటే వీడు చచ్చాడే!"

రస్ డబ్బా వంచాడు. నీళ్లు ఇసకలోకి ఇంకిపోతున్నాయి. "కాల్చు. నన్ను కాల్చినా ఇది ఒలికిపోతుంది. తరవాత ఏం తాగుతావు?"

వార్గా అనుచరులిద్దరూ తుపాకులు పారేసి డబ్బా మీదికి ఉరికారు. ప్రపంచాన్ని జయించడానికొచ్చిన వీరులు! వార్గా అటు తిరిగిన క్షణంలో ఇలోనా ఎట్టకేలకు హైహీల్ విప్పి, దాంతో అతని మణికట్టు మీద కొట్టింది. గుండు ఆకాశంలోకి పోయింది; రస్ పిస్తోలు లాక్కున్నాడు. ఆరు మైళ్ల అవతల తిరుగుతున్న శత్రువుల విమానం మైదానంలో ఎవరూ లేకపోవడం చూసి వెనుదిరిగింది. ఫెల్ప్స్ ఇసకలో కూలబడి ఏడ్చాడు.

సాయంత్రం ఓపల్ రాంచ్‌లో క్రేన్ స్వయంగా దిగాడు. "మ్యాపు దిద్దాలి. అసలు ఊట ఎక్కడమ్మా?"

ఓపల్ కాస్త ఆలోచించి, ఉత్తరాన ఇంకో బోడికొండ చూపించింది.

బూట్లకి దక్షిణపు లోయ బురద ఇంకా ఆరని రస్, పెన్సిల్ తీసి ఆ కొండ కింద శ్రద్ధగా నీలం చుక్క పెట్టాడు.