తెర వెలిగేలోపు చెప్పిన మాట

వాన వెలిసిన సాయంత్రం, వినికిడి లేని పిల్లల బడి ముందు ఒక పొడుగాటి మనిషి పాత కంప్యూటర్ స్క్రీన్లను తుక్కు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. స్కూటర్ మీద అటుగా పోతున్న ఒకమ్మాయి అది చూసి బ్రేక్ వేసింది. వాళ్ల నాన్నగారి టీవీల షాపులో ముందు భాగమంతా కొత్త సరుకు. వెనక గది మాత్రం ఆమెది. ఇక పనికిరావని జనం వదిలేసిన తెరలను అక్కడ బాగుచేస్తుంది. వీధిలో అందరికీ ఆమె 'స్క్రీన్ డాక్టరమ్మ'.

"ఏమండీ, వాటిని తుక్కులో వేయకండి" అంది. అతను వినిపించుకోలేదు. గొంతు పెంచింది. అతను తాపీగా ఇంకో స్క్రీన్ ఎత్తాడు. ఎంత పొగరు అనుకుని, ఆమె అతన్నీ, అతనికి మర్యాద నేర్పని పెద్దవాళ్లనీ కలిపి దులిపేసింది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

అతను ఉలిక్కిపడి తిరిగాడు. చెవి మీద వేలు పెట్టి, లేదన్నట్టు చెయ్యి ఊపి నవ్వాడు.

ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వ్యాన్ డ్రైవర్ తన సీట్లోంచి తొంగిచూసి, "మాస్టారికి వినపడదమ్మా. నాకైతే బాగానే వినపడింది" అన్నాడు.

అతను ఆ బడిలో లెక్కలు చెబుతాడు. పిల్లల పాఠాలన్నీ సైగల్లో, ఆ స్క్రీన్ల మీదే నడుస్తాయి. అవి ఒక్కొక్కటే నల్లబడిపోయాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. తరగతంతా మిగిలిన ఒకే స్క్రీన్ ముందు మెడలు సాచి కూర్చుంటోంది. ఇదంతా ఫోన్‌లో రాసి చూపించాడు. నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకుంటాడట. కోపంగా మాట్లాడితే ఒక్క ముక్కా అందదట. ఇందాక ఏమన్నారని రాశాడు. బాగున్నారా అని అడిగానని ఆమె చెప్పింది. డ్రైవర్ గట్టిగా దగ్గాడు.

స్క్రీన్లు ఆమె వెనక గదికి చేరాయి. బడి లేని మధ్యాహ్నాల్లో మాస్టారు సాయానికి వచ్చేవాడు. అద్దం పగిలినవాటిని బతికించడం తన వల్ల కాదని ఆమె ముందే చెప్పేసింది. కానీ అద్దం బాగుంటే చాలాసార్లు బొమ్మ లోపల అలాగే ఉంటుంది, వెనక వెలిగే దీపాలే పోతాయి. కిటికీకి దుప్పటి కట్టి, నల్లబడ్డ తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూపించింది. నీళ్ల అడుగున గులకరాళ్లలా బొమ్మ లీలగా కదిలింది. అతను ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆమె మాత్రం ఆ మసక వెలుతురులో అతని కనురెప్పలు చూస్తూ ఉండిపోయింది.

పగిలిన స్క్రీన్లలోంచి దీపాల పట్టీలు తీసి, బాగున్నవాటికి అమర్చేవారు. పని మధ్యలో అతను సైగలు నేర్పేవాడు. ఒకసారి ఆమె బడికి వెళ్లి, బాగా చదువుకుంటున్నారా అని పిల్లలను అడగబోయి ఇంకేదో అడిగింది. తరగతంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తానేం అడిగిందో ఎంత బతిమాలినా అతను చెప్పలేదు.

చీకటి చేస్తే మాత్రం ఇద్దరికీ మాటలు బంద్. అతనికి ఆమె పెదవులు కనిపించవు, ఆమెకు అతని చేతులు కనిపించవు. భుజాల మధ్య జానెడు ఎడం, బయట రేకుల మీద వాన. ఆ కాసేపు ఆమెకు ఊరంతా ఎక్కడికో తేలిపోయినట్టుండేది.

చివరి స్క్రీన్ రోజు వచ్చింది. ఇది వెలిగితే అతను ఈ గదికి రావాల్సిన పనే లేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె చేతులు నెమ్మదించాయి. ప్లగ్ పెట్టింది, టార్చి ఆర్పింది. తెర వెలగడానికి కాసేపు పడుతుంది. ఎలాగూ వినిపించదన్న ధైర్యంతో, చీకట్లోకి చూస్తూ అనేసింది.

"మీరంటే నాకు చాలా ఇష్టం. రేపట్నుంచి మీరు రారంటే ఏం తోచడం లేదు."

తెర ఒక్కసారిగా భగ్గుమంది. గదంతా నీలి వెలుగు.

అతని చేతులు గాలిలో ఉన్నాయి. ఒక అరచెయ్యి గుండె మీద, రెండోది ఆమె వైపు. ఎలాగూ కనిపించదన్న ధైర్యంతో అతనూ చెబుతున్నాడు. ఆ సైగ ఆమెకు తెలుసు. పిల్లలు కిసకిసలాడుతూ నేర్పిందే. అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతులు దించబోయి ఆగి, వెలుగు పడేసరికి మీ పెదవులూ కదులుతున్నాయిగా, ఏమన్నారని అడిగాడు. ఈసారి బాగున్నారా అనలేదని ఆమె చెప్పింది. తర్వాత అదే సైగ తిప్పి చేసింది. సగంలో వేళ్లు తప్పాయి. అతను ఆ చెయ్యి పట్టుకుని సరిచేశాడు. మళ్లీ వదల్లేదు.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్న ముఖం గంటు పెట్టుకున్నారు. అబ్బాయి మంచివాడేనని ఒప్పుకుంటూనే, "మాటల్లేకుండా కాపురం ఎలా చేస్తారే?" అన్నారు.

అమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "పెళ్లయినప్పట్నుంచీ మీరు నాతో ఏం మాట్లాడారు? కూరలో ఉప్పు తక్కువైతే కంచం జరుపుతారు, కాఫీ కావాలంటే గ్లాసు చూపిస్తారు. ఆ అబ్బాయి నయం, దాన్ని చూస్తూ చెబుతాడు."

మర్నాడు నాన్న షాపులో బేరాలు వదిలేసి వెనక గది గుమ్మంలో నిలబడ్డారు. అల్లుణ్ణి ఇంటికి పిలవాలంటే చేతులు ఎలా తిప్పాలో చూపించమని కూతుర్ని అడిగారు. అద్దం ముందు, మెట్ల మీద, స్నానాల గది బయట రోజంతా తిప్పుతూనే ఉన్నారు.

మాస్టారు షాపుకి వచ్చాక, నాన్న గొంతు సవరించుకుని మరీ సైగ చేశారు. అతను శ్రద్ధగా చూసి, వినయంగా తల వంచి, చేతులతో ఏదో చాలాసేపు చెప్పాడు. నాన్న కంగారుగా ఏమంటున్నాడని అడిగారు.

ఆమె నవ్వు ఆపుకుంది.

"తప్పకుండా వస్తాడట నాన్నా. మీ చేతులకు కాస్త యాస ఉందట, అయినా ముద్దుగా ఉందట."