నీళ్లు ముట్టని అత్త

"నా చేతులారా నేనే మా అత్తకు మాత్ర మింగించినానమ్మా!" అంటూ త్రివేణి డాక్టరు పద్మజ ముందు బావురుమంది. ఐదో నెల కడుపు, మధ్యాహ్నం నుంచి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు... పక్కనే ఆసుపత్రి మంచం మీద అత్త ఓబమ్మ సోలిపోయి ఉంది. ధర్మవరంలో నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్న మనిషి! మధ్యాహ్నం, కూర్చుని నేసే మగ్గం గుంతలోంచి లేవబోయి, కళ్లు తిరిగి చీర మీదే కూలిపోయింది.

త్రివేణికి అంతా అయోమయంగా ఉంది. రెండు నెలలుగా అత్త ఎందుకో చెప్పకుండా సోమవారం, శనివారం కటిక ఉపవాసం ఉంటోంది. బీపీ మాత్ర ఒక్కరోజూ మానొద్దన్నారని, తీర్థానికి దోషం లేదుగదా అని, ఉద్ధరిణెడు తీర్థంతో తనే మింగిస్తోంది. మిషన్‌లో చూస్తే బీపీ దిగింది. ఉపవాసం ఎంత మేలు చేసిందోనని మురిసిపోయింది కూడా! బీపీ దిగితే మంచిదే కదా... మరి కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు అంటుందేమిటి?

"ఒంట్లో నీళ్లే లేవు. దానిమీద మాత్ర బీపీని ఇంకా దించేసింది. కిడ్నీలకు రక్తం చాలలేదమ్మా. ఇప్పటికి తేరుకుంటాయనే నా నమ్మకం. మళ్లీ ఇట్లా ఎండబెడితే మాత్రం మాటియ్యలేను. మాత్రలు నేను మార్చి రాస్తా, మీ అంతట మీరు ఆపొద్దు. ముందు నీళ్లు తాగించు," అని డాక్టరు వెళ్లిపోయింది.

త్రివేణి గ్లాసు అందించింది. ఓబమ్మ మొహం తిప్పుకుంది.

"ఈపొద్దు శనివారం. సూదిలో ఎక్కిస్తాండారు కదా, చాల్లే."

"నా వంట నచ్చకనే కదత్తా ఈ ఉపవాసాలు? వీధంతా అదే అంటాండారు!"

"నీ వంటకేమే పిచ్చిదానా!" అంది ఓబమ్మ. "రెండుసార్లు కడుపు నిలవకపాయె నీకు. ఈ బిడ్డన్నా దక్కాలని మొక్కుకున్నా... కాన్పయ్యేదాకా ఆ రెండు దినాలు నీళ్లు ముట్టనని."

త్రివేణి గుండె చెరువైపోయింది. ఇన్నాళ్లూ ఈమెనా తను లోలోపల తిట్టుకుంది! గ్లాసు పక్కన పెట్టేసింది.

"అయితే నేనూ ముట్టను."

"కడుపుతో ఉండి నీళ్లు మానేస్తావా? బిడ్డ ఏమైపోవాల!" అని గద్దించిన ఓబమ్మ, చప్పున ఆగిపోయింది. తను తాగకపోతే ఈ మొండిది తాగేట్టు లేదు. గ్లాసందుకుని, ముందు కోడలి చేత రెండు గుక్కలు తాగించి, మిగిలినవి తాను తాగింది.

"మొక్కు తప్పితిని త్రివేణీ... బిడ్డకేమన్నా అయితే?"

అదే భయం త్రివేణికీ ఉంది! అత్తను గట్టిగా పట్టుకుంది.

"నాకేం తెలీదత్తా... ఏమీ తెలీదు. నువ్వు మాత్రం నాకు ఉండాల!"