ఎర్ర ఏప్రాన్‌లో ఉన్న పిల్లని పలకరించకూడదు

మావాడు మొదటిసారి పలకరించినప్పుడు ఆ పిల్ల పలకలేదు.

నేను మెట్ల మీద జారి, కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో పడున్నాను. ఎర్ర ఏప్రాన్ కట్టుకున్న నర్సు మందుల బండి తోసుకుంటూ వస్తోంది.

"ఏమండీ, మా అమ్మకి నొప్పిగా ఉందట. కాస్త చూస్తారా?" అన్నాడు మావాడు.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. చీటీ చూసింది, మాత్ర చూసింది, మళ్ళీ చీటీ చూసింది.

"ఏమండీ, మిమ్మల్నే!"

ఊహూ.

"చూశావా అమ్మా, ఎంత పొగరో!"

నాకు గుండె గుభేలుమంది. పాపం, చెవుడేమో! డాక్టరు ఒకటి చెబితే ఇంకోటి విని నా నోట్లో వేస్తే నా గతేం కాను? పైగా నా చేతికి కట్టిన పేరు పట్టీ చూసి, "మీ పేరు చెప్పండమ్మా" అంది. పొద్దున కూడా అడిగింది. మతిమరుపు కూడానా, దేవుడా!

అందరికీ మందులిచ్చేశాక ఏప్రాన్ విప్పి, నవ్వుతూ వచ్చింది.

"ఇది కట్టుకుంటే ఎవరితోనూ కబుర్లాడకూడదమ్మా. మాటల్లో పడితే ఒకళ్ళ మాత్ర ఇంకొకళ్ళకి పోతుంది. మీకు నొప్పి మాత్రే తెస్తున్నా కదా అని ఊరుకున్నా. ప్రాణం మీదికొస్తే పలికేదాన్నే!"

మావాడి మొహం చూడాలి. బయట వాన పడుతోందని కిటికీకి చెబుతున్నవాడిలా అటు తిరిగిపోయాడు.

ఆ తర్వాత పిలవకుండానే రోజూ వచ్చేవాడు. చేతిలో పళ్ళు నాకు, చూపులు గుమ్మానికి. వార్డంతా సిస్టర్ అంటుంటే వీడొక్కడే "ఏమండీ" అనేవాడు.

"అందరిలాగా సిస్టర్ అనొచ్చుగా?" అందోసారి.

"ఇంకేదన్నా అంటాను గానీ, అది మాత్రం నావల్ల కాదండీ!"

ఆ పిల్ల చెవులు ఏప్రాన్ కంటే ఎర్రబడ్డాయి.

మర్నాడు డిశ్చార్జి అని డాక్టరు చెప్పగానే మావాడికి కంగారు పుట్టింది. సరిగ్గా మందులిచ్చే వేళ, ఎర్ర ఏప్రాన్‌లో ఉండగా, బండి పక్కకి చేరి, "మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా?" అనేశాడు.

ఆ పిల్ల చెయ్యి ఆగింది. తర్వాత ఒక మాత్ర తీసి నా దగ్గరికొచ్చింది. పట్టీ చూసింది, మాత్ర చూసింది. మొహం పాలిపోయింది.

"ఇది మీది కాదమ్మా. పక్క మంచం ఆవిడ షుగరు మాత్ర."

తనే హెడ్ నర్సుని పిలిచి జరిగింది చెప్పి, ఏప్రాన్ ఇంకో నర్సుకిచ్చేసింది. మింగని మాత్రకే నాకు కళ్ళు తిరిగాయి. "నీ పెళ్ళి తొందర మండా! నన్ను పైకి పంపేవాడివిరా!" అని వాణ్ణి దులిపేశాను.

వాడు ఆ పిల్లకి క్షమాపణ చెప్పాడు.

"మీ మాటకి సంతోషం వేసిందండీ. నా భయమూ అదే. ఇన్నాళ్ళూ తప్పని చెయ్యి మీరు పక్కనుంటే తప్పింది. వద్దు, వదిలేయండి" అంది.

మర్నాడు ఆ పిల్లే మందులిచ్చి, ఏప్రాన్ విప్పి, అటూ ఇటూ చూసింది.

"మీ అబ్బాయి రాలేదా ఆంటీ?"

"కింద కూర్చున్నాడు. నువ్వు మందులిస్తుంటే వార్డులో అడుగు పెట్టడట. వానలో తడిసి వచ్చాడు. అది జ్వరమై, జ్వరం ముదిరి..."

"ఏమీ కాదు ఆంటీ."

"సరే, ఒక మాట వింటావా? ఆ మాత్ర నా నోటిదాకా రాలేదు. ఆపింది నువ్వే. నా మొహం చూసి ఇచ్చేయకుండా పట్టీ చూశావు. మా ఇంట్లో అన్నిటికీ భయపడేదాన్ని నేనొక్కదాన్నే. నాకో తోడు కావాలి, రామ్మా."

ఆ పిల్ల నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తనే కిందికి తీసుకొచ్చింది.

మావాడు లేచి నిలబడ్డాడు. నోరు మాత్రం విప్పడు.

"ఏంటి, మాటలు రావా?" అందా పిల్ల.

"మాట్లాడొచ్చా?"

"ఇప్పుడు డ్యూటీ దిగానుగా. నిన్న అడిగింది మళ్ళీ అడగండి."

అడిగాడు. "ఊ" అంది. "కానీ మా అమ్మానాన్నల్ని మీరే ఒప్పించాలి."

"ఇప్పుడే వెళ్దాం!"

"వాన తగ్గాకరా! రోడ్డు జారుతుంది!" అన్నాను. వింటేగా! ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నుంచున్నారు. ఎదురుగా వాలుగా దిగే దారి, నేనేమో చక్రాల మీద.

"అమ్మో, బ్రేకు!" అని అరిచాను.

బ్రేకు వేసే ఉంది. ఆ పిల్ల మావాడినే చూస్తోంది, నవ్వుతోంది. ఒక చెయ్యి మాత్రం నా కుర్చీని గట్టిగా పట్టుకునే ఉంది.