రే గారి నుయ్యి

అమెరికాలో బార్‌స్టో ఊరు దాటి ఎడారిలోకి పోతే, మూతబడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. దాని వెనక ఒక నుయ్యి. గట్టు లేదు, గిలక లేదు — నేలలో నల్లటి కంత, అంతే. అక్కడివాళ్ళు దాన్ని రే నుయ్యి అంటారు. చచ్చినవాడికి మర్యాద తగ్గించడమెందుకని 'గారు' నేను చేర్చాను.

రే ఆ బంకు నడిపిన మెకానిక్కు. పెళ్ళాం పోయాక బంకు మూసేశాడు. ఆ తరవాత మనిషి ఎవరికీ కనబడలేదు. నూతిలో పడ్డాడన్నారు. పడ్డవాడు ఊరికే పడి ఉంటే గొడవ లేకపోను... రాత్రిపూట అక్కడ ఆగి, పేరు పెట్టి పిలిస్తే — పలుకుతాడట.

అందుకని చీకటి పడ్డాక అక్కడ ఎవరూ ఆ పేరెత్తరు.

1979లో, సరిగ్గా ఆ చోట, ఒక రాత్రల్లా కూర్చోవాల్సిన పని మా ఆయనకి పడింది. ఇది ఆయనా, ఆయన స్నేహితుడు ప్రేమానందమూ చెప్పగా విన్నది. ఇద్దరి మాటా ఒకటి కాదు. తేడా వచ్చినచోట నాకు నమ్మబుద్ధయినది రాస్తున్నాను.

మా ఆయన పేరు ఏసుపాదం. ఆయనా ప్రేమానందమూ కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో ఒకే గదిలో ఉన్నారు. రివర్‌సైడ్‌లో బడ్ అనే ఆయన వర్క్‌షాపులో ఒకేచోట పనికి కుదిరారు. బడ్ ట్రక్కులు కట్టేవాడు — ఎడారి పందేలకి. రోడ్డనేది లేనిచోట, రాళ్ళమీదా ఇసకలోనూ, పగలూ రాత్రీ ఆపకుండా ట్రక్కులు తోలే పందెం. ఎందుకని నన్నడక్కండి. నేనూ అడిగాను.

ఆ ఏడు బడ్ ట్రక్కుకి కుదుపులు కాసే కమాను కట్టలు మా ఆయన కొత్తరకంగా కట్టాడు. బడ్‌కి నమ్మకం లేదు.

"ట్రక్కు చివరి గీత దాటితే సోమవారం నీ గ్రీన్‌కార్డు కాగితాలమీద సంతకం పెడతాను," అన్నాడు. "కమాను విరిగి దారిలో కూలబడితే మాత్రం... నీమీద నాకు కోపమేమీ ఉండదు. సంతకం కూడా ఉండదు."

వీసా ఆ చలికాలంతో ఆఖరు. నేను అమెరికా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. సూట్‌కేసు అడుగున చీరలు ఇంకా మడతల్లోనే ఉన్నాయి. అవి బయటికి తియ్యాలా, అలాగే మూత వేసి విమానం ఎక్కించాలా అన్నది ఆ ట్రక్కు తేల్చాలి.

దారిలో ట్రక్కు చెడితే బాగుచెయ్యడానికి వీళ్ళిద్దర్నీ వ్యానిచ్చి బంకు దగ్గర ఉండమన్నాడు బడ్. రే సంగతంతా చెప్పాడు.

"రాత్రి అక్కడ వాడి పేరెత్తకండి."

"ఆయనతో మాకు పనేముంది," అన్నాడు మా ఆయన.

పాపం, నిజమే అనుకున్నాడు.

*

చీకటి పడింది. చంద్రుడు లేడు. ఎడారిలో చీకటి మన ఊళ్ళలో చీకటిలాంటిది కాదట — కుక్క మొరగదు, ఆకు కదలదు. ఎక్కడో చాలా దూరాన ట్రక్కుల మోత, దోమ పాటలా.

వ్యాను ఒకచోట, లాంతరు ఒకచోట, వీళ్ళిద్దరూ మధ్యలో మడత కుర్చీల్లో.

"రేయ్, ఫ్లాస్కేదిరా?"

"నీ వెనకే ఉంది, చూడు. రేయ్... ఏంట్రా ఆ చప్పుడు?"

"గాలేరా."

గాలి లేదు.

బంకు వెనక రేకు తలుపేదో కిర్రుమంది. ఆగింది. కాసేపటికి మళ్ళీ కిర్రుమంది... ఈసారి మూసుకుంటున్నట్టు.

"రేయ్," అన్నాడు ప్రేమానందం గొంతు తగ్గించి. "పొద్దున బడ్ చెప్పాడే... ఆ నూతివాడి పేరేంట్రా?"

"రే."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"రేయ్... అంటే మనం సాయంత్రం నించీ —"

"నోర్మూసుకోరా."

"నువ్వు ముందు ఆ రేయ్ అనడం మానెయ్."

"నేనెక్కడన్నాన్రా, ఇప్పుడు నువ్వే అన్నావు."

"రేయ్, అనలేదురా —"

కాకినాడ హాస్టల్లో ఏళ్ళ తరబడి అలవాటైన నోళ్ళు. ఆ మాట లేకుండా వాళ్ళిద్దరికీ వాక్యం మొదలవదు. అయినా ప్రాణభయం కదా, ఒప్పందానికొచ్చారు. ఆ రాత్రంతా 'ఏవండీ' అనుకోవాలని.

"ఏవండీ ఏసుపాదం గారూ, టీ తీసుకుంటారా?"

"ముందు మీరు పుచ్చుకోండి."

సంబంధం కుదుర్చుకోవడానికి వచ్చిన వియ్యంకుల్లా ఇద్దరూ బిర్రబిగుసుకుని కూర్చున్నారు... ట్రక్కు వచ్చేదాకా.

*

ట్రక్కు కుంటుకుంటూ వచ్చింది. ఒక పక్కకి ఒరిగిపోయి, వెనక చక్రం దగ్గర లొడలొడలాడుతూ. బడ్ ఇంజను కట్టేశాడు. బెల్టులు విప్పలేదు, హెల్మెట్ తియ్యలేదు. "తొందరగా కానివ్వండి," అన్నాడు. అని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుర్రు పెట్టాడు. పొద్దున్నించీ ఒక్కడే తోలుతున్నాడు మరి.

మా ఆయన జాకీ ఎక్కించి కిందికి దూరాడు. కమాను విరగలేదు. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే బోల్టు తెగింది. కొత్తది వేసి బిగిస్తే చాలు.

ప్రేమానందం పనిముట్లన్నీ గుడ్డమీద పరిచి, బోల్టు తెచ్చిచ్చి, లాంతరు దగ్గరగా పెట్టాడు.

"రేయ్, పెద్ద పానా ఇవ్వు."

ఏవండీ అక్కడితో సరి.

చెయ్యి చాపితే చేతిలో పానా పడింది. బిగించాడు. నట్టు మరల్లో ఇసక.

"రేయ్, చిన్నది ఇవ్వు."

చిన్నది వచ్చింది.

"రేయ్, లైటు కాస్త ఇటు."

లైటు కాస్త ఇటు వచ్చింది.

పని జోరుగా సాగుతోంది. ప్రేమానందం ఎన్నడూ లేనిది మాట్లాడకుండా పనిచేస్తున్నాడని మా ఆయనకి ముచ్చటేసిందట. అప్పుడే అనుమానించాల్సింది.

అంతలో ఎడారంతా తెల్లగా మెరిసింది — ఒక్క క్షణం. తరవాత మళ్ళీ చీకటి. వ్యాను తలుపు దభాలున మూసుకుంది.

ఆ వెంటనే వ్యాన్లోంచి పాట...

ప్రేమానందం గొంతే. సమాధులదొడ్డిలో, పెట్టె గుంటలోకి దించేటప్పుడు మనవాళ్ళు పాడే పాట. భయంలో ఆయనకి అదొక్కటే గుర్తొచ్చిందట.

మా ఆయనకి మొదట నవ్వొచ్చింది. తరవాత ఆగిపోయింది.

ప్రేమానందం వ్యాన్లో ఉంటే... ఈ పానాలిస్తున్నదెవరు?

మెల్లగా తల తిప్పాడు. ట్రక్కు పక్కన ఒక జత బూట్లు. పాతవి, దుమ్ము కొట్టుకుపోయినవి. ప్రేమానందం బూట్లు వేసుకోడు — కాన్వాసు జోళ్ళు.

ఆ బూట్లు కదలడం లేదు. ఎదురుచూస్తున్నాయి.

ఇంకొక్క నట్టు ఉంది. అది బిగించకుండా పారిపోతే దెయ్యం చేతిలోంచి బయటపడొచ్చు. కాని సోమవారం సంతకం ఉండదు. మా ఆయన రెండూ తూచి చూసుకున్నాడట. దెయ్యం మహా అయితే నూతిలోకి లాగుతుంది. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఏకంగా ఇంటికి, బాపట్లకి పంపేస్తారు.

ఊపిరి బిగబట్టి, చెయ్యి బయటికి చాపాడు.

"రే గారూ..." అన్నాడు గుసగుసగా. "దయచేసి... ఆ పెద్ద పానా ఇప్పించండి."

చేతిలో పానా పడింది. బరువుగా, చల్లగా.

బిగించాడు. కళ్ళు మూసుకుని బయటికి దొర్లాడు. తెరిచేసరికి ఎవరూ లేరు. లాంతరు అవతలి పక్క నేలమీద ఉంది, ఆరిపోయి. పనిముట్లు గుడ్డమీద వరసగా, పెద్దదాని పక్కన చిన్నది, తుడిచి పెట్టి ఉన్నాయి. మా ఆయనకి అన్నిటికంటే భయం వేసింది అదేనట — ప్రేమానందం జన్మలో పానా తుడిచినవాడు కాదు.

బడ్‌ని లేపితే ట్రక్కు దుమ్ము రేపుకుంటూ పోయింది. వెనకే వ్యానూ పోయింది, వేరే దిక్కుకి.

ట్రక్కు గీత దాటింది. ఆఖరినించి రెండోదిగా దాటింది, కాని దాటింది. సోమవారం బడ్ సంతకం పెట్టాడు. మంగళవారం నేను చీరలు బయటికి తీశాను.

*

ఆ తెల్లటి మెరుపు ప్రేమానందం కెమెరా ఫ్లాషు. మొదటి జీతంతో కొన్నాడు కనక దాన్ని ఊరికే ఉండనివ్వడు. మా ఆయన కింద దూరి ఉన్నాడు కదా అని కెమెరా తెచ్చి ఫోటో తియ్యడానికి వ్యాను దగ్గరికి నడిచాడు. ఫ్లాషు వెలిగినప్పుడు చూశాడు... ట్రక్కు పక్కన మూడో మనిషిని.

ఆ ఫోటో మా ఆల్బమ్‌లో ఉంది. జాకీ మీద ట్రక్కు, కిందినించి మా ఆయన కాళ్ళు, ఇవతల పక్క వంగి పానా అందిస్తున్న టోపీ మనిషి, అవతల లాంతరు వెలుగు. మొహం కనబడదు.

తొమ్మిదేళ్ళు మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఫోటో చూశారు. దెయ్యం అంటాడు మా ఆయన. దేవదూత అంటాడు ప్రేమానందం, సంఘంలో రెండుసార్లు సాక్ష్యం కూడా చెప్పాడు. దేవదూతకి టోపీ ఎందుకని సంఘంలో కరుణమ్మ గారు అడిగితే ఎడారిలో ఎండ కదా అన్నాడు — జరిగింది రాత్రిపూట. బడ్ అయ్యుంటాడు అనేదాన్ని నేను.

నిరుడు బార్‌స్టోలో పాత పందెం ట్రక్కుల మేళా పెట్టారు. పాత ఫోటోలున్నవాళ్ళు తెచ్చి అందరికీ చూపించమన్నారు. మేం ముగ్గురం ఆల్బమ్ పట్టుకుని వెళ్ళాం. బల్లమీద పరిచి కూర్చున్నాం.

సాయంత్రమవుతుండగా ఒక ముసలాయన వచ్చాడు. పేజీలు తిప్పుతూ ఆ ఫోటో దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు.

"ఈ చోటు నాకు తెలుసు మేడమ్," అన్నాడు నాతో. "మంచి చోటు కాదు. అక్కడ దెయ్యాలున్నాయి."

"విన్నాం," అన్నాను.

"నేను చూశాను. నా బంకే అది. జనం మొహం చూడబుద్ధికాక వెనక గదిలో ఉండేవాణ్ణి. ఒక రాత్రి... ఎవరో నన్ను పిలవడం మొదలెట్టారు. సాయంత్రం నించీ పిలుస్తూనే ఉన్నారు. ఎవరో చూద్దామని వెళ్ళాను. నేలలోంచి, మేడమ్. కాళ్ళు బయట, గొంతు కిందినించి. రే, అంటుంది. తరవాత ఏదో భాష. చెయ్యి చాపుతుంది. బోల్టు చూస్తే ఏ పానా కావాలో తెలుస్తుంది కదా, ఇచ్చాను. దెయ్యమైతే మాత్రం... పని పనే."

నా పక్కన మా ఆయన ఆల్బమ్ తనవైపు తిప్పుకున్నాడు.

"తరవాత పెద్ద మెరుపు. ఆ వెంటనే పాట. మాటలు తెలియవు. రాగం మాత్రం..." ఆయన టోపీ తీశాడు. "నా భార్యని పూడ్చినప్పుడు పాడిన రాగం. ఆఖరి పానా అందించి, ఉన్నవి సర్ది, ఆ రాత్రే నీడిల్స్‌లో మా చెల్లెలింటికి పోయాను. మళ్ళీ అటు వెళ్ళలేదు."

ప్రేమానందం మెల్లగా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. రాగం తెల్లవాళ్ళదే, మాటలు మనవి. మన పాటలు సగం అంతేగా.

నిజం నేనే చెప్పాల్సొచ్చింది. ఈ ఇద్దరూ దెయ్యాలు కారనీ, ఇంజినీర్లనీ, 'రేయ్' అంటే మా భాషలో పేరు కాదనీ. రే గారు మొదట నమ్మలేదు. తరవాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలాడు. తొమ్మిదేళ్ళు ఒకళ్ళని చూసి ఒకళ్ళు జడుసుకున్న మొగాళ్ళు ముగ్గురూ కాఫీ తాగారు.

వెళ్ళబోతూ ఆయన ఇంకోసారి ఆల్బమ్ మీదికి వంగాడు.

"మరి మీ మూడో అతను రాలేదా?"

"మూడో అతనా?"

"అవతల పక్క లాంతరు పట్టుకున్నాడే. కిందినించి గొంతు ఏదో అనగానే లైటు ఇటు పట్టాడు. మంచి పనివాడు."

"లాంతరు మీరు పట్టుకోలేదా?" అన్నాడు మా ఆయన.

"నా చేతినిండా పానాలుంటేనా."

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ఇన్నేళ్ళూ అందరం టోపీ వంకే చూశాం. లాంతరు నేలమీద లేదు. నడుమెత్తున ఉంది. ట్రక్కు కింద సందులోంచి అవతలి పక్క ఇసకంతా కనబడుతోంది. అక్కడ కాళ్ళు లేవు.

ఆల్బమ్ మూసేశాను. ఫోటో పాతది, ఏదో నీడ పడుంటుంది అన్నాను. అందరూ గబగబా ఒప్పుకున్నారు.

బయట బాగా చీకటి పడిపోయింది. ప్రేమానందం మాకంటే ముందు నడిచి, కారు దగ్గర తడుముకుంటున్నాడు.

"రేయ్ ఏసుపాదం, లైటు వెయ్యరా, ఏమీ కనబడి చావట్లేదు."

మా ఆయన నా పక్కనే ఉన్నాడు. తాళాలు నా చేతిలో ఉన్నాయి.

కార్లో లైటు వెలిగింది.