మీ ఇష్టం

కోటేశ్వరితో నా పరిచయం గొడవతోనే మొదలైంది. వాళ్ళక్క పెళ్ళికి చీర నేయించుకోవడానికి చీరాలలో మా ఇంటికొచ్చింది. ఆకుపచ్చ అంచు వేసేదా అనడిగాను. మీ ఇష్టం అంది. వేశాను. నెల తర్వాత వచ్చి, చీర చూసి మూతి ముడిచింది.

"మీరే కదండీ నా ఇష్టమన్నారు?"

"మీ ఇష్టం అంటే నాకిష్టం లేదని. చీరలు నేసే మనిషికి ఆ మాత్రం తెలీదా?"

మళ్ళీ నేశాను, నీలం అంచుతో. ఆ ఆకుపచ్చ అంచు చీర మాత్రం అమ్మబుద్ధి కాలేదు. ఏడాది తిరిగేసరికి నా పెళ్ళామై, అదే చీర కట్టుకుని నన్ను ఉడికించింది.

ఇక ఆ మాట మా ఇద్దరికే తెలిసిన గుర్తయిపోయింది. సినిమాకి వెళదామా అంటే మీ ఇష్టం అనేది. నేను సైకిల్ వాడరేవు సముద్రం వైపు తిప్పేవాణ్ణి. పెళ్ళాం మాట అర్థమైన మొగుణ్ణి ఊరంతటికీ నేనొక్కణ్ణేనని తెగ మురిసిపోయాను.

రెండు వేల నాలుగులో ఆమె ఎడమ రొమ్ములో గడ్డ కనపడింది. గుంటూరు డాక్టరుగారు క్యాన్సరేనన్నారు, ఇంకా చిన్నదేనన్నారు. గడ్డ వరకే తీసి ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టొచ్చు, లేదంటే రొమ్ము మొత్తం తీసేయొచ్చు. ఆమె విషయంలో ప్రాణానికి రెండూ ఒకటేనట. ఇదంతా ఆయన నా వైపే చూస్తూ చెప్పారు. కోటేశ్వరి పక్క కుర్చీలోనే ఉంది.

గడ్డ మళ్ళీ వస్తుందేమోనన్న భయం తప్ప బుర్రలో ఇంకేం లేదు. మొత్తం తీయించేద్దామా అని ఆమెనడిగాను.

"మీ ఇష్టం," అంది.

భర్త అని రాసున్న చోట సంతకం పెట్టేశాను. ఆమె కూడా పెట్టమన్న చోట పెట్టింది.

కట్టు విప్పిన రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఏడవలేదు.

"ఆ మాటకి అర్థం మీకు తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసే సంతకం పెట్టారా?"

"భయమేసింది కోటీ. నువ్వు పోతావేమోనని."

"ఒళ్ళు నాది. చెల్లింది మీ భయం."

నా మీద నాకే అసహ్యమేసింది. అంచు తప్పయితే ఇంకో చీర నేశాను. దీనికి అలాంటి వీలు లేదు. నెల రోజులు మా మధ్య తిన్నారా, తిన్నాను తప్ప మాటల్లేవు.

తర్వాత మందు ఎక్కించే సంగతి వచ్చింది. డాక్టరుగారు మళ్ళీ నా వైపే తిరిగారు. ఆమెనడగండని చెప్పి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఆమె అరగంటసేపు ఆయన్ని అడిగింది. జుట్టు ఎప్పుడు ఊడుతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుంది, వాంతులకేం వాడాలి, ఎక్కించుకోకపోతే ఏమవుతుంది. చివరికి తనే పెన్ను అడిగి తీసుకుంది.

తిరుగు బస్సు పొన్నూరు దాటాక వాన పట్టుకుంది. కిటికీ పక్కన ఆమె కూర్చుంది.

"కిటికీ మూసేదా?"

"మీ ఇష్టం."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. జల్లు ఇద్దరి మీదా కొట్టింది. నెల తర్వాత మొదటిసారి ఆమె నా ముఖంలోకి చూసింది. నవ్వుతుందేమోనని ఆశపడ్డాను.

"కిటికీ దగ్గరైతే అర్థమైంది మీకు," అంది.

బాపట్ల దాకా తడుస్తూనే ఉన్నాం.