టర్బో అంబాసిడర్‌లో నూనె దొంగ

1988 జూన్‌లో ఒక మధ్యాహ్నం, జనగామ స్టేషన్ ఎదుట సైకిల్ షాపు పైనున్న గదిలోకి ఒక డ్రైవరు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తాను దొంగను కానని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ప్రైవేటు డిటెక్టివ్ మహిపాల్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. పదిహేనేళ్లు రైల్వే పార్సిల్ ఆఫీసులో తప్పిపోయిన మూటలు వెతికి, ఆ అనుభవంతో ఈ వృత్తిలోకి దిగిన మనిషి. ఆయన సహాయకుడు ఆగయ్య రిటైరైన డ్రిల్లు మాస్టారు. మహిపాల్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మేవాడు.

డ్రైవరు పేరు హీర్యా. లింగాల ఘనపూర్‌లో దామోదర్ పటేలు దగ్గర ఆరేళ్లుగా కారు నడుపుతున్నాడు. పటేలు ఈమధ్య తన పాత అంబాసిడర్‌కు బొంబాయి నుంచి టర్బో ఉన్న డీజిల్ ఇంజను తెప్పించి వేయించాడు. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసేదే టర్బో. ఆ ఒత్తిడికి లోపలి నూనె పొగమంచులా బయటికి తన్నుకొస్తుంది. దాన్ని పట్టడానికి మరిపెడ మెకానిక్ ఎల్లస్వామి ఒక డబ్బా బిగించాడు. ఒక గొట్టంలో ఆ ఆవిరి డబ్బాలోకి వస్తుంది, నూనె అడుగున దిగుతుంది, మిగిలిన గాలి రెండో గొట్టం గుండా మళ్లీ టర్బోకు పోతుంది.

మొదట్లో భూపాలపల్లి వెళ్లివచ్చిన ప్రతిసారీ డబ్బాలో రెండు వేళ్ల లోతు నూనె ఉండేది. పటేలు చుట్టాలకు డబ్బా మూత తీసి మరీ చూపించేవాడు. నెల రోజులుగా డబ్బా ఖాళీ. ఇంజనులో నూనె మాత్రం తగ్గుతూనే ఉంది.

"నేనే గుంజుకుంటున్ననట సారు. నిన్న మా తండకొచ్చి అందరి ముంగట దొంగ అన్నడు. ఎల్లుండి ఠాణాల కాయితం ఇస్తడట" అన్నాడు హీర్యా.

మర్నాడు పొద్దున మహిపాల్, ఆగయ్య హీర్యాను వెంటబెట్టుకుని పటేలు ఇంటికి వెళ్లారు. డిటెక్టివును పెట్టింది తన డ్రైవరేనని తెలిసి దామోదర్ మొహం చిట్లించాడు కానీ, బానెట్ ఎత్తి చూపించే అవకాశాన్ని వదులుకోలేకపోయాడు.

డబ్బా అడుగున నూనె వదిలే చిన్న కుళాయి ఉంది. దాని మీద ఎర్రమట్టి ఎండి పెచ్చు కట్టింది. మహిపాల్ దాన్ని గోటితో గీకి చూశాడు. హీర్యాను ఇంజను నడిపించమన్నాడు. యాక్సిలేటర్ గట్టిగా తొక్కగానే వెనక పొగగొట్టంలోంచి నీలం పొగ లేచి పటేలు తెల్ల ధోవతిని కమ్మేసింది.

ఇంట్లో దామోదర్ భార్య అరుంధతి టీ ఇచ్చింది. మహిపాల్ ఒక్క గుక్క తాగి కప్పు దించాడు. ఆగయ్య మర్యాదకు మొత్తం తాగి, బాగుందన్నాడు. అతని కళ్ళలో నీళ్లు తిరిగాయి. పాలలో ఏదో వాసన వస్తోందని, నెలలో ఇద్దరు పాలవాళ్లను మార్చామని ఆమె చెప్పింది. నూనె గురించి అడిగితే ఆమెకు కోపం వచ్చింది.

"ఇంట్ల బోళ్లు తోమే పీచు పోతె అడిగిన దిక్కు లేదు. గీ నూనె పోతె మాత్రం జనగామ నుంచి సార్లు వచ్చిండ్రు" అంది.

మహిపాల్ చిరునవ్వు నవ్వి, ఎల్లస్వామిని పిలిపించమన్నాడు.

సాయంత్రం అందరూ వాకిట్లో చేరారు. అప్పటికి కారు జనగామకు మూడుసార్లు వెళ్లివచ్చింది. మొదటిసారి ఉన్న డబ్బాతోనే వెళ్లింది, చుక్క నూనె దొరకలేదు. దామోదర్ ఇంకా పెద్ద డబ్బా పెట్టాలని పట్టుబట్టడంతో రెండోసారి నేతి డబ్బా అంత పెద్దది బిగించారు. నాలుగు చుక్కలు పడ్డాయి. మూడోసారి మహిపాల్ పాత డబ్బానే మళ్లీ పెట్టించి, లోపల ఏదో కుక్కి మూత వేశాడు. ఆ డబ్బాను ఇప్పుడు ఆగయ్య రెండు చేతులా పట్టుకొచ్చాడు. అందులో వేలి మందం నూనె ఉంది.

"ఈ నూనెను ఎవరూ ఎత్తుకపోలేదు" అన్నాడు మహిపాల్. "కుళాయి తిప్పితే మీదున్న మట్టి పెచ్చు ఊడిపోవాలె. ఊడలేదు. అంటే నూనె డబ్బాల దిగనే లేదు. ఆవిరి ఇటు నుంచి వచ్చి అటే టర్బోలకు పోయి, ఇంజనుల కాలింది. మీరు చూసిన నీలం పొగ గదే."

మొదట్లో ఎలా దిగిందని దామోదర్ అడిగాడు.

మహిపాల్ డబ్బాలోంచి నల్లగా నూనె కారుతున్న స్టీలు పీచు బయటికి తీశాడు. ఆవిరి ఆ తీగల్లో చిక్కుకుని చుక్కలుగా మారి అడుక్కు దిగుతుందని, డబ్బా ఎంత పెద్దదైనా, ఎంత మెరిసినా లోపల ఇది లేకపోతే వృథా అని చెప్పాడు. మొదట్లో డబ్బాలో పెట్టిన ఇలాంటి పీచు ఎవరు తెచ్చారని ఎల్లస్వామిని అడిగాడు. మెకానిక్ పటేలు వైపు చూశాడు.

"వంటింట్ల నుంచి నేనే తెచ్చిన. నూనె పోయింది సూసిన గని, పీచు పోయింది సూడలే" అన్నాడు దామోదర్, నేల చూస్తూ.

అరుంధతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పీచు పోయిందని ఇల్లంతా వెతికానని, చుట్టాలకు డబ్బా మూత తీసి చూపిస్తుంటే లోపల కనబడిందని, వాళ్లు పోయాక తీసుకెళ్లి సబ్బుతో కడిగి వాడుకుంటున్నానని ఒప్పుకుంది. టీ వాసన ఎక్కడిదో అప్పుడు ఆమెకూ తెలిసింది.

"ఈ కేసుల దొంగతనాలు రెండు. ఒకటి పటేలుది, ఒకటి అక్కది. హీర్యాది ఒక్కటీ లేదు" అన్నాడు మహిపాల్.

ఆగయ్య చప్పట్లు కొట్టబోయి, చేతులకు నూనె ఉందని ఆగాడు.

దామోదర్ గొంతు సవరించుకుని, రేపు ఎప్పటిలాగే పనిలోకి రమ్మని హీర్యాతో అన్నాడు. హీర్యా కదలలేదు.

"నన్ను తండల దొంగ అన్నరు పటేలా. కాదని గక్కడికే వచ్చి చెప్పుండ్రి."

దామోదర్ చీటీ రాసిస్తే సరిపోదా అని అడిగాడు. అరుంధతి వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుంది. ఇక ఆయనకు దారి లేకపోయింది.

పొద్దు గుంకకముందే కారు తండా చేరింది. దామోదర్ కారు దిగి, హీర్యా దొంగ కాదని, తప్పు తనదేనని చెప్పాడు. హీర్యా భార్య ద్వాళి చేతులు కట్టుకుని నిలబడింది.

"ముసలోళ్లకు వినవడలేదట. జర గట్టిగ చెప్పుండ్రి పటేలా" అంది.

రెండోసారి చెప్పాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పమంది. మూడోసారి ఆయన గొంతు తండా దాటి అవతలి చేలదాకా పోయింది. అక్కడ నాగలితో దున్నుతున్న మనిషి ఎడ్లను ఆపి, విన్నం పటేలా అని చెయ్యి ఊపాడు.